కొళాయి దగ్గర నలభై రాళ్ళు

నా ట్రంకుపెట్టెను రిక్షాలోంచి దించుతుంటే తిరుపాలమ్మ దగ్గరకొచ్చి, మూత మీద వేళ్ళతో తట్టి చూసింది.

"పెట్టె నిండుకూ పుస్తకాలేనా, కట్టుకునేదానికి గుడ్డలేమన్నా తెచ్చుకున్నావా పాపా?"

తాడిపత్రి బండలపేటలో నేను విన్న మొదటి మాట అది. పంతొమ్మిది వందల ఎనభై ఐదు, జూన్ నెల. నాకు చిర్రెత్తుకొచ్చింది. పెట్టెలో పుస్తకాలే ఎక్కువున్న మాట నిజం కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. పేరు జ్ఞానరత్నం. తెనాలి దగ్గర ఒక పల్లెటూరి పాస్టరుగారి రెండో కూతుర్ని. క్రైస్తవ శిక్షణ కేంద్రం ఒకదాంట్లో సమాజాభివృద్ధి కోర్సు చదువుతున్నాను. ఆ కోర్సులో చివరి పది నెలలు ఏదైనా పట్టణంలో పేదల పేటలో కాపురముండి, వాళ్ళు తిన్నది తిని, వాళ్ళు పడుకున్నచోట పడుకుని సేవ చేయాలి. అలా చేస్తేనే డిప్లొమా. నాకు తాడిపత్రి పడింది. మా పనిని చూసే ఏసుపాదం అయ్యగారు నన్ను బస్సెక్కిస్తూ ఒకటే మాట చెప్పారు. "మొదటి ఆరు నెలలు కళ్ళూ చెవులూ వాడమ్మా. చేతులు మాత్రం వాడకు." నేను వినయంగా తలూపాను. తలూపడంలో నన్ను మించినవాళ్ళు మా బ్యాచీలో లేరు.

బండలపేటంటే నలభై ఇళ్ళు. చుట్టూ బండలు కోసి పాలీషు పట్టే ఫ్యాక్టరీలు. పొద్దస్తమానం మిషన్ల రొద. అన్నం మీద, పక్కబట్టల మీద, పసిపిల్లల కనురెప్పల మీద సన్నటి రాతిపొడి. మగవాళ్ళు బండలు లారీలకెత్తేవాళ్ళు. ఆడవాళ్ళు కోసిన బండల మీది బురద కడిగి, పనికిరాని ముక్కలు తట్టల్లో మోసుకెళ్ళి అవతల పారబోసేవాళ్ళు. ఫ్యాక్టరీ బోర్లలో నీళ్ళకు కొదవలేదు కానీ, అవి వట్టి ఉప్పు. బండ కడగడానికి తప్ప గొంతులో పోసుకోవడానికి గానీ ఒంటికి పోసుకోవడానికి గానీ పనికిరావు. తాగే నీళ్ళకు పేట మొత్తానికి ఒకే ఒక్క కొళాయి. అది మూడు రోజులకొకసారి, పొద్దున పూట గంటసేపు వచ్చేది.

నేను వస్తున్నానని తెలిసి పేటలో గొడవైందట. "కిరస్తానపు పిల్ల వస్తాదంట, మనల్నందర్నీ కలుపుకునేదానికి" అని ఎవరూ ఇంట్లో చోటివ్వలేదట. అప్పుడు తిరుపాలమ్మ, "నా ఇంట్లో ఉంటాది. ఆ పిల్ల ఏమన్నా తప్పు చేస్తే నన్ను అడగండి" అని పూచీ పడిందట. ఈ సంగతి నాకు చాలా రోజుల తర్వాత బాలప్ప తాత చెప్పాడు. ఆయన ఎదురింటి ముసలాయన. నడుము పోయి ఫ్యాక్టరీ మానేసి, పగలంతా అరుగు మీదే కూర్చునేవాడు.

తిరుపాలమ్మ పొట్టి మనిషి. తల ముగ్గుబుట్ట. అరవై దాటి ఉంటాయనుకున్నాను. పుట్టిల్లు నల్లమాడ, మెట్టినిల్లు వజ్రకరూరు. వాన పడితే చాలు, అక్కడ జనమంతా పొలాల్లో తలలు వంచుకుని వజ్రాల కోసం తిరుగుతారు. ఈమె భర్త కుళ్ళాయప్పకు అది పిచ్చి కింద ముదిరిందట. "నా మొగుడు ఇరవై వానలు తిరిగినాడు పాపా. దొరికింది దగ్గొకటే" అని నవ్వేది. వరసగా మూడేళ్ళు శనక్కాయ పంట ఎండిపోతే బతుకుతెరువుకు తాడిపత్రి వచ్చారు. కొన్నాళ్ళకు అతను పోయాడు. కూతురు ధర్మవరంలో కాపురం చేసుకుంటోంది. ఈమె ఒక్కతే ఇక్కడ బండలు కడుగుతూ ఉండిపోయింది.

నేను ప్రార్థన చేసుకునేటప్పుడు ఆమె గిన్నెల చప్పుడు ఆపేది. అంతవరకే. ఒకరోజు ధైర్యం చేసి, మా సంఘానికి ఒకసారి రమ్మని పిలిచాను. "మీ దేవుడు మంచోడే. మా నరసింహసామి గూడా మంచోడే. ఇద్దరూ ఈ ఏడు వాన సంగతే మర్సిపోయినారు, అదొకటి అడుగు" అంది.

ఆమె ఇంట్లో నాకు ఏ లోటూ లేదు. రోజూ నేను లేచేసరికి దడిచాటున నిండు బిందె సిద్ధంగా ఉండేది, స్నానానికి. ఆదివారం రెండు బిందెలు, వేడి చేసి మరీ. "గుడికి పోతావు గదా, తలకు పోసుకో" అనేది. గుడంటే ఆమె లెక్కలో చర్చి. బిందె మోయడానికి నేను వస్తానంటే, "చుట్టానివి, నువ్వెందుకు కొళాయికాడికి? పిల్లోళ్ళకు అక్షరాలు చెప్పుకో పో" అని తరిమేసేది. నిజమే, కొళాయి వచ్చే పూట తల్లులకు అడ్డం రాకుండా పిల్లలందర్నీ కూర్చోబెట్టుకోవడం నా పని. అలా ఐదు నెలలు గడిచినా, ఆ పేటలో నీళ్ళు ఎలా పడతారో నేను ఒక్కసారి కూడా చూడలేదు. చూడాలని తోచనూ లేదు.

దసరా దగ్గరకొచ్చింది. అయ్యగారు తనిఖీకి వస్తున్నామని ఉత్తరం రాశారు. మిగతా పేటల్లో నా తోటివాళ్ళు అప్పుడే ఇంకుడు గుంటలు తవ్వించారు, మరుగుదొడ్లు కట్టించారు. నా నోటుబుక్కులో ఉన్నదల్లా నేను విన్న మాటలు. నాకు కడుపు మండింది. ఏదో ఒకటి కట్టి చూపించాలి.

కొళాయి చుట్టూ ఎప్పుడూ మడుగు, దోమలు. గోడ వారగా పాడుబడ్డ బండముక్కలు ఒక వరసలో పడి ఉండేవి. అరచేతి మందానివి కొన్ని, పలక సైజువి కొన్ని, ఒకదానికి మధ్యలో బెజ్జం. ఎవరో తట్ట దించి మరిచిపోయినట్టు ఉండేవి. ఆ రాళ్ళు పరిచి సిమెంటు పోస్తే చక్కటి చప్టా అవుతుంది. చర్చి వాళ్ళను అడిగి సిమెంటు తెప్పించుకున్నాను. గుంతకల్లులో ఉన్న ఇద్దరు స్నేహితురాళ్ళను సెలవులకు పిలిపించుకున్నాను.

ఆయుధపూజ రోజు పేట పేటంతా ఫ్యాక్టరీలకు పోయింది. మిషన్లకు పూలదండలు వేసి, గుమ్మడికాయ కొట్టి, బొరుగులూ బెల్లమూ పంచుతారు. మిగిలింది అరుగు మీద బాలప్ప తాత.

మేము రాళ్ళు ఏరడం చూసి ఆయన కర్ర పట్టుకుని లేవబోయాడు. "ఆ రాళ్ళు ఆడ ఉండల్ల పాపా. తిరుపాలమ్మ వచ్చేదంకా ఉండకూడదా?"

"చూస్తూ ఉండు తాతా, ఆమె వచ్చేసరికి ఎంత శుభ్రంగా ఉంటుందో" అన్నాను.

పెద్దవాటిని సుత్తితో పగలగొట్టాం. సాయంత్రానికి చప్టా నున్నగా తయారైంది. తడి సిమెంటు మీద మేకుతో 'దేవునికి మహిమ' అని రాసి, కింద నా పేరు పొడి అక్షరాలు కూడా చెక్కాను. దేవుడికి ఎంత మహిమ కావాలనుకున్నానో, నాకు అంతకు ఒక్క వీసం తక్కువ కాకుండా కావాలనుకున్నాను.

ఆడవాళ్ళు బొరుగులు తింటూ తిరిగొచ్చారు. కొళాయి దగ్గర ఆగిపోయారు. మెచ్చుకుంటారని నేను ఎదురెళ్ళాను.

"మా రాయి యాడ?" అంది హనుమంతమ్మ. పేటలో పెద్ద గొంతు ఆమెదే.

తర్వాత అందరూ ఒక్కసారే అరిచారు. ఎవరి రాయి కోసం వాళ్ళు. నాకు ఏమీ అర్థం కాలేదు. తిరుపాలమ్మ గుంపులోంచి వచ్చి, చప్టాను బొటనవేలితో నొక్కి చూసింది. "సిమెంటు గట్టిగానే కలిపినావే" అంది. నా రెక్క పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయి, కూర్చోబెట్టి చెప్పింది.

ఆ రాళ్ళు ఒక్కొక్కటి ఒక్కొక్క ఇల్లు. వరసలో ఎవరి రాయి ముందుంటే వాళ్ళది ముందు పాళి. ఒక్కో ఇంటికి ఆరు బిందెలు. నీళ్ళు ఏ రాయి దగ్గర ఆగిపోతే, మళ్ళీ వచ్చినప్పుడు దాని తర్వాతి రాయి నుంచి మొదలు. ఆ కరువు ఏడు గంటసేపట్లో పది ఇళ్ళకు మించి అందడం లేదు. నలభై ఇళ్ళూ తిరిగి రావడానికి పన్నెండు రోజులు. ఎవరూ తెల్లవారక ముందే లేచి కాపలా కాయక్కర్లేదు. జ్వరం వచ్చి పడుకున్న మనిషి పాళి కూడా ఎక్కడికీ పోదు. రాయి ఉంది కదా.

"ఇది ముందర ల్యాకుండె. పదకొండేండ్ల కింద కొట్టుకున్నారు. బిందెలతోనే." ఆమె తల వంచి, జుట్టు పాయ తీసి చూపించింది. నెత్తి మీద నాలుగు వేళ్ళ పొడవు మచ్చ. "పోలీసులొచ్చిరి, కేసాయె. మున్సిపాలిటీ ఆఫీసోళ్ళు కొళాయి పీకిపారేసిరి. సంవత్సరం దినాలు పెన్నకు పోయి ఇసకలో చెలమలు తోడుకున్నాము. నేను పోయి వాళ్ళ వాకిట్లో కూచుంటే కూచుంటే మళ్ళ ఇచ్చినారు. ఇంగొగసారి గలాటా అయిందంటే కొళాయి ఉండదన్నారు. ఆ పొద్దు నేను పెట్టినాను ఈ రాళ్ళు."

ఎల్లుండి పొద్దున మళ్ళీ నీళ్ళు వస్తాయి. వరస లేదు. నలభై ఇళ్ళ ఆడవాళ్ళు, ఒక్క కొళాయి. అది చాలక, అవతల ఇప్పుడే గొడవ మొదలైపోయింది.

మర్నాడు పొద్దున ఏసుపాదం అయ్యగారు దిగారు. చప్టా మీద నా పొడి అక్షరాలు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నన్ను తిట్టలేదు. "పెట్టె సర్దుకో అమ్మా. నీవల్ల ఈమెకు మాట వచ్చింది. ఇంకో ఊరు చూద్దాం" అన్నారు. నేను అప్పటికే సర్దుకుని ఉన్నాను.

తిరుపాలమ్మ గడపలో అడ్డంగా నిలబడింది. "చెరిపినోళ్ళు పోతే ఎట్లయ్యా? ఉండల్ల. నాతో తిరగల్ల." అయ్యగారు ఆమె మొహం చూసి, నన్ను అక్కడే వదిలి మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఫ్యాక్టరీ వదలగానే ఆమె బాలప్ప అరుగు మీద కూర్చుని, పేట ఆడవాళ్ళందర్నీ రమ్మంది. తలా ఒక కొత్త ముక్క తెచ్చుకోమంది. నేను నోటుబుక్కు తీసి, ఒకటి నుంచి నలభై దాకా అంకెలు వేసుకుని కూర్చున్నాను.

"ఆ పుస్తకం లోపల పెట్టు" అంది. "ఎవుర్నీ నీది ఎన్నో రాయని అడగొద్దు. అడిగితే అందురూ ముందరికే జరుగుతారు. నీ ముందర ఎవురు, నీ ఎనక ఎవురు అని అడుగు. ముందర మనిషిని ఎవురూ మర్సిపోరు పాపా. ఆయమ్మ ఎప్పుడు లేస్తాదా అని సూసుకుంటా నిలబడినాము గదా."

ఆమె అడగడం మొదలుపెట్టింది. భద్రమ్మ ముందు రామాంజినమ్మ. రామాంజినమ్మ వెనక ఎవరంటే భద్రమ్మే. ఇద్దరి మాటా కలిస్తేనే రాయి కింద పెట్టాలి. ఎవరైనా రెండు అడుగులు ముందుకు జరగాలనుకుంటే, ఇటు మనిషీ అటు మనిషీ కూడా అబద్ధం ఆడాలి. ఎవరు ఆడతారు? చదువుకున్నదాన్ని, నాకు ఐదేళ్ళు కూర్చున్నా ఈ ఉపాయం తట్టేది కాదు. గొలుసులో కడియాల్లాగ ఇద్దరూ ముగ్గురూ కలుస్తూ వచ్చారు. దీపాలు పెట్టే వేళకు ముప్పై ఎనిమిది రాళ్ళు వరసగా కూర్చున్నాయి.

వరస తలకాయ దగ్గర రెండు మిగిలాయి. కిందటిసారి నీళ్ళు సిద్దమ్మ రాయి దగ్గర ఆగిపోయాయి. సిద్దమ్మ తర్వాత తిరుపాలమ్మ, ఆమె వెనక హనుమంతమ్మ. సిద్దమ్మ కూడా ఆ మాటే చెప్పింది. తిరుపాలమ్మ తన రాయి తలకాయలో పెట్టబోయింది.

"ఆగక్కా" అంది హనుమంతమ్మ. "అడిగేది నువ్వే, పెట్టేది నువ్వే, ముందర పాళీ నీదేనా? చెరిపింది నీ ఇంటి మనిషి. మొదలు నీళ్ళు నీ ఇంటికేనా?"

హనుమంతమ్మ నా వైపు తిరిగింది. ఆమె గొంతు ఈసారి పెద్దగా లేదు. "నీకు తెల్దులే పాపా. నీ రాయి యాడా ల్యాకపాయె. నువ్వు పోసుకునేదంతా ఈయమ్మ ఆరు బిందెల్లోనివే. నీకు చాలల్లని, నువ్వు లేచేలోపల పెన్నకు పోయి చెలమ తోడుకొస్తాది. వచ్చి మళ్ళ ఫ్యాక్టరీకి పోతాది. ఐదు నెల్లాయె. మేము సూస్తానే ఉండాము."

నాకు తల కొట్టేసినట్టయింది. ఏసుప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన అధ్యాయం మీద మా బళ్ళో పరీక్ష పెడితే నాకు డెబ్బై ఎనిమిది మార్కులు వచ్చాయి. క్లాసులో అందరికన్నా ఎక్కువ.

తిరుపాలమ్మ ఆ మాటలేవీ విననట్టే లేచింది. తన రాయి చేతిలోకి తీసుకుని, వరస పొడవునా నడిచి, ముప్పై ఎనిమిదో రాయి అవతల, అన్నిటికన్నా చివర పెట్టింది.

"నాది ఈడ. ఇంగెవరికన్నా మాట ఉండాదా?"

ఎవరికుంటుంది? ముందున్న మనిషి చివరికి పోయాక, ఒకటీ రెండూ స్థానాల కోసం నోరెత్తడానికి ఎవరికి మొహం చెల్లుతుంది? హనుమంతమ్మ రాయి తలకాయలో పెట్టింది కానీ, పెట్టిన చేతిని చీరకు తుడుచుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున కొళాయి వచ్చింది. నేను మొదటిసారి చూశాను. పది ఇళ్ళు ఆరేసి బిందెలు పట్టుకున్నాయి. బిందె బిందెకు తగిలిన చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. పేటకు కొళాయి నిలిచింది.

మా ఇంటి పాళి రావడానికి ఇంకా తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ తిరుపాలమ్మతో పాటు నేనూ పెన్నకు పోయాను. మైలున్నర నడక. ఏటి నిండా ఇసుకే, నీళ్ళ జాడ లేదు. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో గుంత తవ్వి, ఊట ఊరేదాకా ఆగి, కొబ్బరిచిప్పతో కొంచెం కొంచెంగా తోడాలి. ఒక్క బిందెకు ముప్పావు గంట. మొదటిరోజు తోవలో నేను సగం ఒలకబోశాను. "నేలకు తాపినావులే, పుణ్యమొస్తాది" అంది. మూడోరోజుకు నా మెడ తిరగలేదు. ఐదు నెలల్లో నేను ఒంటి మీద గుమ్మరించుకున్న బిందెలెన్నో లెక్కపెట్టబోయి, ఏడుపొచ్చి మానేశాను.

"ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?" అని అడిగాను.

"చెప్తే నువ్వు పోసుకుంటావా? పచ్చని నేల పిల్లవి. ఎండకు కమిలిపోయింటివి" అంది. అంత మాత్రమే.

పదో రోజు మా పాళి. తిరుపాలమ్మ ఆరు బిందెలు నిండాక కూడా కొళాయిలో సన్నటి ధార మిగిలింది. అప్పుడు హనుమంతమ్మ చెంగు చాటునుంచి ఒక బండముక్క తీసింది. ఒక పక్క పాలీషు పట్టించి నున్నగా ఉంది. తిరుపాలమ్మ రాయి వెనకాల దాన్ని పెట్టింది.

"ఇది ఈ పాపది" అంది. "అందుర్నీ అడిగినాము. ఒగిల్లు పెరిగితే పెరిగె."

ఆ కరువులో ఒక ఇల్లు పెరగడమంటే ఏమిటో అప్పటికి నాకు తెలుసు. వద్దని అనబోయాను. తిరుపాలమ్మ గదమాయించింది. "పాళి ల్యానోళ్ళు చుట్టాలు. పాళి ఉండేటోళ్ళు ఈడోళ్ళు. పట్టుకో పో, ధార నిలిచిపోతాది."

రెండు బిందెలు నిండాయి. తర్వాత కొళాయి ఆగిపోయింది. అవి నా నీళ్ళు. ఆ ఊళ్ళో నా సొంతమైన మొదటి నీళ్ళు.

వాటిని మూతపెట్టి ఆదివారం దాకా దాచాను. ఆదివారం పొద్దున కట్టెలు రాజేసి, ఒక బిందె వేడిపెట్టాను. సీకాయ పొడి కలిపాను.

"ఈ పొద్దు గుడికి పోతావా? పోసుకో, పోసుకో" అంది తిరుపాలమ్మ.

"నాకు కాదు. నువ్వు వచ్చి కూర్చో పెద్దమ్మా."

"నాకేమిటికి? ముసల్దానికి తలంటా?" అని కసిరింది. నేను కదలకుండా నిలబడ్డాను. గొణుక్కుంటూ వచ్చి, దడిచాటున బండ మీద కూర్చుంది.

జుట్టు విప్పి సీకాయ రుద్దాను. వేళ్ళకు ఆ పాత మచ్చ తగిలింది. చెంబుడు నీళ్ళు పోశాను. తెల్లటి నీళ్ళు జారాయి. ఇంకో చెంబు పోశాను. మళ్ళీ తెల్లటి నీళ్ళే, పాలల్లే. రాతిపొడి అది. మూడో చెంబు, నాలుగో చెంబు. బండ చుట్టూ తెల్లటి మడుగు కట్టింది. నా వేళ్ళ మధ్య జుట్టు నల్లబడుతూ వచ్చింది. అక్కడక్కడా రెండు మూడు పాయలు తప్ప తక్కినదంతా నలుపే.

"పెద్దమ్మా, నీకెన్నేళ్ళు?"

"యాభైకి రెండు తక్కువ. ఏం?"

"ఎప్పుడు తలకు పోసుకున్నావు?"

"నువ్వు రాకముందు" అంది. తర్వాత చెయ్యి పైకెత్తి చెంబును అడ్డం పట్టింది. "ఇంగ చాల్లే పాపా, నీళ్ళు మిగిలించు."

నేను వినలేదు. రెండో బిందె కూడా పోశాను.